ఎర్రచేలో దుమ్ము లేస్తుంది, రేగడిలో లేవదు, ఇసుక దిబ్బలో అసలే లేదు: ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గర మీకు ఆరెకరాల ఎర్రచేను ఉంది. మే నెలలో రోటావేటర్ వేయించి నేలను మెత్తగా చేసి పెట్టుకున్నారు. జూన్ రెండో వారంలో గాలి మొదలైంది. రోజూ మధ్యాహ్నం మీ చేలోంచి ఎర్రటి దుమ్ము లేచి ఊరి మీద పడుతోంది. ఉరవకొండ వైపు మీ మామగారి రేగడి పొలంలో అదే గాలికి అంత దుమ్ము లేవడం లేదు. కణేకల్లు దగ్గర హగరి ఒడ్డున ఇసుక దిబ్బలున్న చోటికి వెళ్తే గాలి ఇంకా గట్టిగా ఉంది, కాళ్ళకు ఇసుక సూదుల్లా గుచ్చుకుంది, కానీ ఆకాశం తేటగానే ఉంది. అంతా ఇసుకే ఉన్న చోట దుమ్ము లేదు, బంకమట్టి ఉన్న చోటా లేదు, మధ్యరకం నేలలోనే ఎందుకు లేస్తోంది, ఏం చేస్తే ఆగుతుంది అని అడిగారు.

మీరు చూసింది నిజం, చాలా బాగా గమనించారు. నేను ముప్పై ఏళ్ళు మట్టి పరీక్షల పనిలో ఉన్నాను. మా సొంత చేను కూడా బెళుగుప్ప వైపు ఎర్రనేలే. మీరు చెప్పిన మూడు రకాల నేలల్లోనూ తిరిగినవాణ్ణే. జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, దుమ్మును గాలి తనంతట తాను లేపలేదు. గాలికి గెంతే ఇసుక రేణువు వచ్చి నేలను కొడితే దుమ్ము లేస్తుంది. ఈ మాట పట్టుకుంటే మీ మూడు పొలాల చిక్కూ విడిపోతుంది.

నమ్మకం కుదరకపోతే వంటింట్లో చూడండి. ఒక పళ్ళెంలో మైదా పలచగా పరిచి అరచేత్తో నున్నగా అదమండి. పళ్ళెం అంచు దగ్గర నోరు పెట్టి మెల్లగా ఊదండి. పెద్దగా కదలదు. ఇంకో పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి అంతే ఊపుగా ఊదితే గింజలు దొర్లుకుంటూ పోతాయి. ఇప్పుడు ఆ మైదా మీద రెండు చెంచాల రవ్వ చల్లి మళ్ళీ ఊదండి. రవ్వ గింజ దూకి పడ్డ చోటల్లా తెల్లగా పొగలా లేస్తుంది.

రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైన్యపు ఇంజినీరు 1920ల్లో, 30ల్లో లిబియా ఎడారిలో ఫోర్డు కార్లు వేసుకుని తిరిగాడు. తర్వాత ఇంగ్లండులో గాలి సొరంగం కట్టి ఇలాంటి పరీక్షే సిమెంటుతో చేశాడు. నాలుగైదు మిల్లీమీటర్ల గులకరాళ్ళను కదిలించేంత గాలి కూడా పలచగా పరిచిన సిమెంటు పొరను కదిలించలేకపోయింది. కారణం ఏమిటంటే, పెద్ద రేణువును దాని బరువు పట్టి ఉంచుతుంది. మరీ చిన్న రేణువుకు బరువు లేకపోయినా పక్క రేణువును అంటుకుని ఉంటుంది. పైగా నేలను ఆనుకుని గాలి వేగం దాదాపు సున్నా అయ్యే పలచని పొర ఒకటి ఉంటుంది, సన్న రేణువులు దాని చాటున దాక్కుంటాయి. బరువూ ఎక్కువ లేక, అంటుకునే గుణమూ ఎక్కువ లేక మధ్యలో చిక్కేది 75 నుంచి 100 మైక్రాన్ల రేణువు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలికి అందరికంటే ముందు లొంగేది ఆ సన్న ఇసుకే.

ఇక్కడ కొలతలు కాస్త చెప్పాలి. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల వరకు ఇసుక. 0.05 నుంచి 0.002 వరకు ఒండ్రు. అంతకన్నా సన్నది బంక. ఇది అమెరికా కొలత. మన దేశంలో చాలా ల్యాబులు ఇసుకకూ ఒండ్రుకూ మధ్య గీతను 0.02 దగ్గర గీస్తాయి. అందువల్ల ఒకే మట్టికి రెండు రిపోర్టుల్లో ఇసుక శాతం వేరువేరుగా రావచ్చు. రిపోర్టు చూసి టెన్షన్ పడకండి, ఏ కొలత వాడారో అడగండి. ఈ మూడింటి పాళ్ళనే టెక్స్చర్ అంటారు. అది మీ తాతల కాలంలో ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంటుంది, ఒక్క గాలికోత, నీటికోత దాన్ని మారుస్తాయి.

గాలికి మట్టి మూడు రకాలుగా కదులుతుంది. సుమారు అర మిల్లీమీటరు కన్నా పెద్దవి దొర్లుతాయి. 0.1 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్యవి గెంతుతాయి. అంతకన్నా సన్నవి తేలిపోతాయి. పొలంలో కదిలే మట్టిలో సగం నుంచి ముప్పాతిక దాకా ఈ గెంతే రకమే. అది మోకాలి ఎత్తు కూడా లేవదు, చాలావరకు నేల నుంచి 30 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. లేచిన ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం వెళ్ళి వాలుగా నేలను గుద్దుతుంది. గుద్దిన చోట అంటుకుని ఉన్న సన్నమట్టి విడిపోతుంది, ఇంకో రెండు ఇసుక రేణువులు లేస్తాయి. అవి ముందుకు పోయి మళ్ళీ గుద్దుతాయి. మనకు కళ్ళకు కనబడేది, ఊరి మీద పడేది, ఊపిరితిత్తుల్లోకి పోయేది తేలే దుమ్ము. కానీ దాన్ని పుట్టించేది మన కంటికి ఆనకుండా పిక్కల దగ్గర పరుగెత్తే ఇసుక.

ఇప్పుడు మీ మూడు చోట్లకు రండి. హగరి ఇసుకను ఏరు ఎన్నో ఏళ్ళుగా కడిగి కడిగి పెట్టింది. బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో ఎండిన ఏటి ఇసుకను నైరుతి గాలి ఎత్తి పక్క పొలాల మీద పోస్తుందని మీకు తెలుసు, ఎన్నో ఎకరాలు దాని కింద పోయాయి. అక్కడ కొట్టే ఇసుక బోలెడంత ఉంది, కొడితే లేచే సన్నమట్టి లేదు. అందుకే ఇసుక కాళ్ళకు తగులుతుంది, కంచెల దగ్గర పేరుకుంటుంది, పైన ఆకాశం తేటగా ఉంటుంది. మీ మామగారి రేగడిలో బంక శాతం నలభై, యాభై, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ. దుమ్ము సరుకు అక్కడే ఎక్కువ, కానీ అదంతా పెళ్ళలుగా, గడ్డలుగా బిగిసి ఉంది. కొట్టే ఇసుక లేదు. మన ఎర్రనేలలో రెండూ ఉన్నాయి. నూటికి డెబ్బై పాళ్ళు ఇసుక, మిగతాది బంక, ఒండ్రు. సుత్తీ అక్కడే, పిండీ అక్కడే.

దీనికి లెక్క కూడా ఉంది. డేల్ గిల్లెట్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970ల్లో పొలాల్లో కొలిచిన అంకెల మీద ఆధారపడి 1995లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఒక సూత్రం రాశారు. ఒకే పరిమాణంలో ఇసుక కదిలినప్పుడు పైకి లేచే దుమ్ము, నేలలో బంక ఒక్క శాతం పెరిగితే సుమారు మూడో వంతు పెరుగుతుంది. అది వడ్డీ మీద వడ్డీలా పెరుగుతుంది. 5 శాతం బంక ఉన్న నేలకూ 15 శాతం ఉన్న నేలకూ మధ్య ఇరవై రెట్లకు పైగా తేడా వస్తుంది. ఈ సూత్రం 20 శాతం బంక వరకే పనిచేస్తుంది. ఆ పైన బంక తనను తాను పట్టి ఉంచుకోవడం మొదలుపెడుతుంది. మన ఎర్రనేలలు చాలావరకు ఆ 20 శాతానికి అటూ ఇటూ ఉంటాయి.

అయితే రేగడి ఎప్పుడూ సాధువు అని అనుకోవద్దు, ఈ మాట మీ మామగారికీ చెప్పండి. అమెరికాలో గాలికోత అంచనాకు నేలలను గుంపులుగా విడగొట్టిన పట్టిక ఒకటి ఉంది. అందులో ఇసుక గరప నేలకు, అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమ నేలకు, ఏడాదికి ఎకరాకు 86 టన్నులు అని వేశారు. బంక నేలకూ అంతే, 86. మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పు అనుకున్నాను. కాదు. అక్కడ చలికాలంలో నీళ్ళు గడ్డకట్టి కరిగే కొద్దీ బంక పెళ్ళలు పిగిలి ఇసుకంత గుళికలైపోతాయి. ఆ గుళికలు ఇసుకలాగే గెంతుతాయి, గెంతుతూ పగిలి దుమ్మవుతాయి. మనకు మంచు లేదు కానీ తడిసి ఎండడం ఉంది. రేగడి ఒక వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని పైన మెంతి గింజల్లాంటి గుళికలుగా విడిపోతుంది. పైగా శనగ వేసే పొలాలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా, సరిగ్గా గాలి కాలమంతా ఖాళీగా ఉంటాయి. కలుపు కోసం పొడిలో నాలుగుసార్లు గుంటక తోలితే ఆ గుళికలు ఇంకా చితికిపోతాయి. అప్పుడు ఆ పొలంలోనూ నల్లటి దుమ్ము లేవడం నేను చూశాను.

ఒండ్రు సంగతి ఒక్క మాటలో చెప్తాను. దానికి ఇసుక బరువు లేదు, బంక జిగట లేదు. పొర కట్టి కదలకుండా ఉన్నంతసేపు బాగుంటుంది, బండి చక్రం పడితే పొడి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ దుమ్ము లేచే చోటు ఆఫ్రికాలో చాద్ దేశపు బోడెలె అనే పల్లం. అది ఎండిపోయిన పెద్ద చెరువు అడుగు. మన ఎండిన చెరువుల్లో ట్రాక్టర్లు తిరిగితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

ఇక గాలి. ఎండిపోయి, విడిపోయి, చదునుగా ఉన్న నేల మీద మట్టి కదలడం మొదలయ్యేది సుమారు గంటకు 20 నుంచి 25 కిలోమీటర్ల గాలి దగ్గర. అంతకు తక్కువైతే ఏమీ జరగదు. దాటిన తర్వాత మాత్రం వ్యవహారం చాలా వేగంగా పెరుగుతుంది, గాలి వేగం ఘనంతో పాటు, హద్దుకు దగ్గర్లో అయితే అంతకన్నా వేగంగా. హద్దు 22 కిలోమీటర్లు అనుకుని లెక్క వేసి చూడండి. 30 కిలోమీటర్ల గాలికి కదిలే ఇసుకకన్నా 40 కిలోమీటర్ల గాలికి మూడున్నర రెట్లు కదులుతుంది. 25 కిలోమీటర్ల నుంచి 50కి పోతే రెండింతలు కాదు, ఇరవై ఎనిమిది రెట్లు. అందుకే నెల మొత్తం సగటు గాలి చూసి ఏమీ తెలుసుకోలేం. ఏడాది నష్టంలో ఎక్కువ భాగం కొన్ని మధ్యాహ్నాల్లో, ఆ మధ్యాహ్నాల్లో కూడా కొన్ని గంటల్లో జరిగిపోతుంది.

మధ్యాహ్నమే ఎందుకని మీరు అడగలేదు కానీ చెప్తాను. రాత్రి చల్లబడిన గాలి నేల మీద మందంగా పడుకుని ఉంటుంది, పైన వీచే బలమైన గాలి కిందికి రాదు. పొద్దెక్కి నేల కాగినాక కింది గాలి పైకి, పై గాలి కిందికి కలుస్తాయి. అప్పుడు పై వేగం నేల మీదికి దిగుతుంది. అదే వేళకు పై పొరలో రాత్రి మిగిలిన కాస్త తేమ కూడా ఆరిపోతుంది. నీటి తేమ చాలా చిన్నదైనా రేణువులను అతికించి ఉంచుతుంది, ఇసుక నేలలో ఆ అతుకు త్వరగా ఊడుతుంది, బంక నేలలో ఆలస్యంగా. తొలకరి వాన పడ్డ మర్నాడే ఎర్రచేలో దుమ్ము లేవడానికి కారణం ఇదే, పైన అర అంగుళం ఆరితే చాలు.

మన జిల్లా పడమటి కనుమల వాననీడలో ఉంది. నైరుతి గాలి వానను అవతలే దించేసి మన దాకా ఉత్త వేగంతో వస్తుంది. ఏడాది వాన అయిదు వందల యాభై మిల్లీమీటర్లు అయితే గొప్ప. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఈ గాలి కోసమే. అవి జోరుగా తిరిగే జూన్, జులై, ఆగస్టుల్లోనే మన చేలు దున్ని ఖాళీగానో, అప్పుడే మొలిచిన వేరుశనగతోనో ఉంటాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గాలికోత చేను మొదట్లో చిన్నగా మొదలై చేను పొడవునా పెరుగుతూ పోతుంది, ఒక రేణువు రెండింటిని లేపుతుంది కాబట్టి. సన్న ఇసుక నేలలో అరవై మీటర్లు నడిచేసరికే అది నిండు స్థాయికి చేరుతుంది. పెళ్ళలున్న గట్టి నేలలో కిలోమీటరు దాటినా చేరదు. మీ చేను పడమటి గట్టు దగ్గర నిలబడి చూస్తే దుమ్ము తక్కువ, తూర్పు గట్టు దగ్గర ఎక్కువ ఉండి ఉండాలి. పాత రోజుల్లో చిన్న చిన్న మడులు, మధ్యలో కంపచెట్ల గట్లు ఉండేవి. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని గట్లు తీసేసి చేలన్నీ కలిపేశాం, గాలికి పరుగు పందెం పెట్టినట్టయింది.

పోయేది ఎంత, ఏమిటి అన్నది మీరు తప్పక ఆలోచించాలి. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే అది సుమారు ఆరు టన్నులు, రెండు ట్రాలీలు. ఒక మిల్లీమీటరు పోయిందని ఏ రైతూ కనిపెట్టలేడు. పైగా గాలి అన్నిటినీ సమానంగా తీసుకుపోదు. కళ్ళంలో తూర్పారబట్టినప్పుడు గింజ కాళ్ళ దగ్గర పడి పొట్టు దూరంగా పోతుంది కదా, చేలో గాలి చేసేదీ అదే, కాకపోతే తిరగేసి. ఇక్కడ దూరం పోయేదే గింజ. పదిమీటర్ల ఎత్తు నుంచి 100 మైక్రాన్ల రేణువు ఇరవై సెకన్లలో నేలకు దిగుతుంది, ఎక్కువ దూరం పోదు. 10 మైక్రాన్లది ఇరవై నిమిషాలు తేలుతుంది, ఆ లోపు 30 కిలోమీటర్ల గాలికి పది కిలోమీటర్లు పోతుంది. 2 మైక్రాన్ల బంక రేణువు ఎనిమిది గంటలకు పైగా పైనే ఉంటుంది. సేంద్రియ పదార్థం, భాస్వరం, నీటిని పట్టే శక్తి అన్నీ ఆ సన్నదానిలోనే ఉన్నాయి. ఏటేటా ఇలా పోతూ ఉంటే నేల కొంచెం కొంచెంగా ఇసుకబారుతుంది. మా నాన్న కాలంలో వానకు నాలుగు రోజులు పదును నిలిచే మడి ఇప్పుడు రెండు రోజులే నిలుస్తోందని మావాళ్ళు అంటే అది జ్ఞాపకాల తీపి కాదు. ఆ సన్నమట్టి నిజంగా పోయింది.

ఊరి మీద పడే దుమ్ము గురించి కూడా మీరు బాధపడ్డారు, అది సబబే. 10 మైక్రాన్ల కంటే సన్నది ముక్కులో ఆగదు. ఆ రోజుల్లో ట్రాక్టరు మీద కూర్చునేవాళ్ళు ఉత్త తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు, మంచి మాస్కు పెట్టుకోవాలి. ఆయాసం ఉన్న పెద్దవాళ్ళను మధ్యాహ్నం లోపలే ఉంచండి.

ఇప్పుడు రోటావేటర్. నేనూ ఒక ఏడు అదే పొరపాటు చేశాను. మేలో పొడిమీద వేయించి, చేను పిండిలా అయిందని మురిసిపోయాను. జులైలో విత్తిన వేరుశనగ మొలిచి మూడాకులు వేసిన వారంలో గట్టి గాలి వచ్చింది. పడమటి సగం బాగానే ఉంది, తూర్పు సగంలో మొలకల ఆకులు గరుకుకాగితంతో రుద్దినట్టు చిరిగి తెల్లబడ్డాయి. కొన్ని సాళ్ళలో విత్తనమే బయటపడింది. ఇంట్లో అందరం ఆ తూర్పు సగం మళ్ళీ విత్తాం. మట్టి పని ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, పెళ్ళ విలువ నాకు ఆ రోజు తెలిసినంతగా అంతకుముందు తెలియదు.

పెళ్ళ ఎందుకంత ముఖ్యమంటే, ఇదుగో. కాన్సాస్ రాష్ట్రంలోని మాన్‌హాటన్ ఊళ్ళో చెపిల్ అనే శాస్త్రవేత్త గాలికోత మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 0.84 మిల్లీమీటర్ల జల్లెడలో మట్టిని జల్లించి, పైన ఎంత మిగిలితే గాలికి అంత తట్టుకుంటుందని తేల్చాడు. దాని మీద 1960ల్లో వేసిన పట్టికలో, జల్లెడ పైన 1 శాతమే మిగిలే నేల ఏడాదికి ఎకరాకు 310 టన్నులు పోగొట్టుకుంటుంది. 40 శాతం మిగిలితే 56. 80 శాతం మిగిలితే రెండే టన్నులు. ఇవి అక్కడి గాలికి, అడ్డం లేని విశాలమైన ఖాళీ చదును పొలానికి వేసిన అంకెలు, మన చేనుకు వాటిని నేరుగా తగిలించకండి. కానీ వాటి మధ్య తేడా చూడండి. ఆ పట్టిక లెక్కలో మారింది పెళ్ళ ఎంత ఉందన్నది ఒక్కటే. టెక్స్చర్ మన చేతిలో లేదు, పెళ్ళ మన చేతిలో ఉంది. అమెరికా మైదానాల్లో 1935 ఏప్రిల్ 14న పట్టపగలు చీకటి చేసిన దుమ్ము తుఫాను వచ్చింది. దాని వెనక కరవు ఎంత ఉందో, గడ్డినేలను దున్ని, డిస్కులతో పొడి చేసిన సేద్యమూ అంత ఉంది.

మీరు చేయాల్సిన పని చెప్తాను. ఈ ఏడాది ఇప్పటికే నేల పొడి అయిపోయింది కాబట్టి ఉన్నదానితోనే మొదలుపెట్టాలి. ఒక వాన పడి పదును రాగానే, బాగా ఆరకముందే, మడకతోనో కల్టివేటర్‌తోనో గాలికి అడ్డంగా, అంటే ఉత్తర దక్షిణాలుగా సాళ్ళు తీయండి. తడిలో లేచిన మట్టి పెళ్ళగా నిలుస్తుంది. సాళ్ళ ఎత్తు నాలుగు అంగుళాల లోపు చాలు, మరీ ఎత్తయితే సాలు తలలకే గాలి ఎక్కువ తగులుతుంది. మీ చేను వాలుగా ఉంటే మాత్రం వాలుకు అడ్డంగా దున్నడమే ముందు, నీటికోత గాలికోత కన్నా ఆలస్యం చేయదు. పొడిలో గుంటక తోలకండి. చేను మొత్తం చేయలేకపోతే పడమటి వైపు ముందు చేయండి, గెంతు మొదలయ్యేది అక్కడే, అక్కడ ఆపితే తూర్పున దానంతట అదే తగ్గుతుంది.

వాన తర్వాత ఎర్రనేల పైన గట్టి పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపు దుమ్ము రాదు, కానీ పైన విడి ఇసుక మిగిలి ఉంటే అది పొరను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. గొర్రెల మంద ఒకసారి నడిచినా పొర చితుకుతుంది. గొర్రెల ఎరువు కావాలి కాబట్టి మంద వద్దని నేను చెప్పను. గాలి తగ్గిన నెలల్లో ఆపించుకోండి.

అసలు మూలం మాత్రం వేరుశనగ తీసే పద్ధతిలో ఉంది. జొన్న, సజ్జ, కొర్ర కోస్తే కొయ్యకాళ్ళు నిలబడి ఉంటాయి. వేరుశనగను వేరుతో సహా పీకుతాం, కట్టె కూడా పశువుల మేతకు ఇంటికి తెచ్చుకుంటాం. పొలం మీద పుల్ల ముక్క మిగలదు, పైగా పీకడంలో నేల అంతా కదిలిపోతుంది. ఏటేటా అదే పంట వేస్తే ఏటేటా అదే ఖాళీ. నేలలో మూడో వంతు కప్పి ఉన్నా కోత సగానికి పైగా తగ్గుతుంది, అందులోనూ పడుకున్న గడ్డి కన్నా నిలబడ్డ మోడు మేలు. అందుకని చేను మొత్తం వేరుశనగ వేయకుండా మధ్యలో జొన్న, సజ్జ, కంది సాళ్ళు గాలికి అడ్డంగా పెట్టండి. వాటిని కోసేటప్పుడు అడుగు ఎత్తున కొయ్యకాలు వదిలేయండి. పట్టీల వెడల్పు నేలను బట్టి ఉండాలి. అమెరికా మైదానాల పాత లెక్కల్లో ఉత్త ఇసుకకు 6 మీటర్లు, ఇసుక గరప నేలకు 30 మీటర్లు, గరప నేలకు 75 మీటర్ల వరకు పట్టీలు వేశారు. మీ చేనుకు 25 మీటర్లకు ఒక పట్టీ అని మొదలుపెట్టవచ్చు.

మే నెలలో పొడినేల మీద నవధాన్యాలు చల్లి, ఆచ్ఛాదన వేసి, తొలి చినుకుకే మొలిపించే పద్ధతిని, ప్రకృతి సేద్యం చేయించే ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ వాళ్ళు మన జిల్లాలో చాలా ఊళ్ళలో చేయిస్తున్నారు. జూన్ గాలి వచ్చేసరికి నేల మీద జానెడు పచ్చదనం ఉంటే గెంతే ఇసుకకు చోటు దొరకదు. ఆరెకరాల్లో ముందు రెండెకరాల్లో చేసి చూడండి.

గట్టు మీద చెట్లు పెట్టమని అందరూ చెప్తారు, ఎలా పెట్టాలో చెప్పరు. వరుస చెట్లు తమ ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గట్టిగా కాపాడతాయి. ఆరు మీటర్ల చెట్లయితే అరవై మీటర్లు. గోడలా మూసేయకూడదు, సగం గాలి లోపలి నుంచి వెళ్ళాలి, లేకపోతే అవతల సుడి తిరిగి ఇంకా తవ్వుతుంది. వరుస మధ్యలో బండి దారి వదిలితే ఆ సందులో గాలి ఎగదన్నుతుంది, దారిని కొసన పెట్టుకోండి. కానుగ, వేప, మధ్య మధ్య కిత్తనార మన నేలకు సరిపోతాయి. రాజస్థాన్‌లో రైతులు ఖేజ్డీ చెట్టును చేల మధ్యలోనే ఉంచుకుని కింద సజ్జ పండిస్తారు. ఆ ఖేజ్డీ మరేదో కాదు, దసరాకు మనం పూజించే జమ్మి. ఎడారి సేద్యం మీద జోధ్‌పూర్‌లో కేంద్ర పరిశోధన సంస్థ పనిచేస్తోంది, అక్కడివాళ్ళు కూడా ఈ చెట్టుకు చాలా విలువ ఇస్తారు. మన గట్ల మీద జమ్మి ఉంటే కొట్టించకండి.

చివరిగా చెరువు మట్టి. మీరు తోలిద్దామనుకుంటున్నామని రాశారు. మంచిదే, కానీ ఒక జాగ్రత్త ఉంది. ఎకరంలో పై నాలుగు అంగుళాల మట్టి ఆరు వందల టన్నులు. సగం బంక ఉన్న చెరువు మట్టి ముప్పై టన్నులు, అంటే ఎనిమిది పది ట్రాలీలు వేస్తే మీ నేలలో బంక రెండున్నర శాతం పెరుగుతుంది. ఆ బంక పెళ్ళ కడితే మీ చేనుకు కవచం. పొడిగా ఉండిపోతే, పైన చెప్పిన 1995 సూత్రం ప్రకారం దుమ్ము రెట్టింపు అవుతుంది. అందుకని మేలో తోలి గుట్టలుగానే ఉంచండి, పరచకండి. వాన పడ్డాక పశువుల ఎరువుతో కలిపి చల్లి, తడిలోనే దున్ని కలపండి. ఎరువు లేకుండా ఉత్త బంక వేస్తే పెళ్ళ అంత త్వరగా కట్టదు.

ముందు రెండు పరీక్షలు ఇంట్లోనే చేసి చూడండి. లీటరు గాజు సీసాలో మూడో వంతు మట్టి, పైన నీళ్ళు, ఒక చెంచా గిన్నెలు తోమే సబ్బు పొడి వేసి అయిదు నిమిషాలు బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో అడుగున పేరుకున్నది ఇసుక, స్కేలుతో కొలిచి గీత పెట్టండి. రెండు గంటలకు దాని పైన చేరింది ఒండ్రు. మర్నాటికి ఆ పైన చేరింది బంక. రెండోది, చేలో ఎండిన పై అంగుళం మట్టిని చిదమకుండా పారతో ఎత్తి, ఇంచుమించు మిల్లీమీటరు కన్నాలున్న రవ్వ జల్లెడలో మెల్లగా ఊపి, పైన మిగిలింది ఎంత, కిందికి దిగింది ఎంత తూకం వేయండి. పడమటి గట్టు దగ్గర ఒకటి, తూర్పు గట్టు దగ్గర ఒకటి తీయండి. ఆ అంకెలతో పాటు చేను పడమర నుంచి తూర్పుకు ఎన్ని మీటర్లుందో కూడా రాయండి. సాళ్ళ మధ్య దూరం, చెట్ల వరుస ఎక్కడ రావాలో దాన్నిబట్టి లెక్క వేసి చెప్తాను.